ప్రశ్నలు - జవాబులు: ఫైలు అనుమతులు

ప్రశ్న: మా పాఠశాలలోని లైనక్స్ కంప్యూటరులో గుంజాల గోండి ఫాంటును రూట్ అధికారముతో వ్యవస్థ ఫాంట్ల ఫోల్డరులోనికి కాపీ చేసితిని. విద్యార్థుల లాగిన్‌లో అక్షరములకు బదులు ఖాళీ డబ్బాలే వచ్చుచున్నవి. ఫాంటు చెడినదా?
- ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు

జవాబు: ఫాంటును శంకింపకుడు. నార్నూరు మండలమందలి గుంజాల గ్రామమున వ్రాతప్రతులలో నిలిచియుండి, 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11వ కూర్పున స్థానము సంపాదించిన ఆ లిపి, ఇంతదూరము నడచివచ్చి మీ పిల్లల యెదుట డబ్బాలై నిలుచుటకు హేతువు ఫైలు మీది అనుమతులే కావచ్చును. టెర్మినల్ తెరచి ఆ ఫోల్డరులో ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి చూడుడు. ఫాంటు పేరున్న వరుస మొదట ఒక హైఫన్, ఆర్, డబ్ల్యూ, పిమ్మట వరుసగా ఏడు హైఫన్లు కనబడినచో రోగము దొరికినట్లే. మొదటి గుర్తు అది మామూలు ఫైలని తెలుపును; తక్కిన తొమ్మిదియు మూడేసి చొప్పున యజమానికి, గ్రూపునకు, ఇతరులకు చెందినవి. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. వీనిని కూడగా వచ్చిన అంకెయే ఒక్కొక్కరి వంతు. ఆ లెక్కన మీ ఫైలు 600, అనగా రూట్ తప్ప అన్యులెవ్వరును దానిని చదువజాలరు.

‘సుడో చ్‌మాడ్ 644’ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఫాంటు ఫైలు పేరు చేర్చి ఎంటర్ నొక్కుడు. ఫాంటు కొరకు ప్రత్యేకముగా ఫోల్డరు సృష్టించియుంటిరేని దానికి 755 కావలెను. ఏలయనగా ఫోల్డరు విషయమున ‘నడుపుట’ యనగా లోనికి ప్రవేశించుట. గడి సింహద్వారము మూసియుండగా లోపలి గది తలుపు తెరచియుంచి ప్రయోజనమేమి? తరువాత ‘సుడో ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్’ నడిపి, పిల్లలు వాడు ప్రోగ్రామును మూసి మరల తెరువుడు.

ప్రశ్న: వెండి తీగపని నమూనాల చిత్రములను మేము ముగ్గురము ఒకే ఫోల్డరులో దాచుకొందుము. ఒకరి ఫైలు వేరొకరు మార్చలేకపోగా మిత్రుడొకడు మొత్తమునకు 777 ఇప్పించెను. పిదప ఒక ముఖ్య నమూనాను ఎవరును ముట్టకుండ 444 చేసితిమి. అయినను అది మాయమైనది. ఇదెట్లు?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఫైలును తొలగించుట యనగా ఫోల్డరు పట్టికనుండి దాని పేరు కొట్టివేయుట, కావున అందులకు ఫైలు మీద వ్రాయు హక్కుతో పనిలేదు, ఫోల్డరు మీద వ్రాత, ప్రవేశము రెండును ఉన్నచో చాలును. 777 చలువచేత ఆ రెండును ఆ యంత్రములో లాగిన్ గల ప్రతివానికిని లభించినవి. 1971 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే కనబడు చ్‌మాడ్ ఆజ్ఞ ఎవరికి ఎంత అని విచారించి ఈయదగినది. మీ మిత్రుడు విచారణనే ఎగురగొట్టినాడు.

ముగ్గురికిని ఒక గ్రూపు ఏర్పరచి, ‘చ్‌గ్రూప్ -ఆర్’ తో (ఇచట ఆర్ పెద్దక్షరము) ఫోల్డరును, అందలి సమస్తమును ఆ గ్రూపునకు అప్పగింపుడు. ఫైళ్ళకు 660, ఫోల్డర్లకు 3770 ఈయుడు. ముందున్న 3లో రెండు పనులు ఇమిడియున్నవి: 2 వలన కొత్త ఫైళ్ళు తామే ఆ గ్రూపునకు చెందును, 1 వలన ఫైలు యజమాని, ఫోల్డరు యజమాని, రూట్ వీరు తప్ప మరెవ్వరును తొలగింపజాలరు. ముగ్గురి లాగిన్‌లలోను ఉమాస్క్ 002గా నుంచుట మరువకుడు. లేనిచో కొత్త ఫైలును తోటివారు చదువగలరే గాని మార్చలేరు. మాయమైన నమూనాను మాత్రము బ్యాకప్‌లో వెదకుకొనవలసినదే.

ప్రశ్న: పెన్‌డ్రైవులోని స్క్రిప్టుకు ‘చ్‌మాడ్ యు+ఎక్స్’ ఎన్నిమార్లు కొట్టినను అనుమతి నిలుచుటలేదు.
- ఒక విద్యార్థి, మంచిర్యాల

జవాబు: పెన్‌డ్రైవు ఫ్యాట్32 గాని ఎక్స్‌ఫ్యాట్ గాని అయియుండును, వానిలో యజమాని, అనుమతులు వ్రాసికొనుటకు చోటే లేదు. స్క్రిప్టును మీ హోమ్ ఫోల్డరునకు కాపీ చేసి అచట చ్‌మాడ్ కొట్టుడు. అది బ్యాష్ స్క్రిప్టయి, తొందరగా నడుపవలసియున్నచో, ‘బ్యాష్’ అని వ్రాసి ప్రక్కన దాని పేరు చేర్చిన చాలును.