మొదటి పది నిమిషాలు

చి॥ శ్రీనుకి,

నీ క్షేమం మీ అమ్మ నోట వినడమే తప్ప, నువ్వు రాసిన ముక్క చూసి చాలా కాలమైంది.

నిన్న మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. అన్నం మానేశావట. పొద్దున్నే కాఫీలో కొబ్బరినూనె పోసుకుంటున్నావట. విదేశం నుంచి కీటోన్ పానీయం సీసాలు తెప్పించావట. వేలు గుచ్చుకుని కీటోన్లు ఎంతున్నాయో రోజూ లెక్క చూసుకుంటున్నావట. తనకి ఇందులో అన్నం మానడమొక్కటే వినపడింది. నాకు మాత్రం చివర్లో అన్న మాట గుండెల్లో గుచ్చుకుంది: "ఇప్పుడు బలం వచ్చిందట అక్కా, వచ్చే నెల అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకి వెళ్తాడట." అది విన్నాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

నీ మెకార్డిల్ జబ్బు గురించి నువ్వు చదవనిది ఉండదు. అయినా నర్సింగ్ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

1951లో లండన్ గైస్ ఆసుపత్రిలో బ్రయన్ మెకార్డిల్ ఒక ముప్పై ఏళ్ళ మనిషిని పరీక్షించాడు. ఏ కాస్త పని చేసినా కండరాలు బిగుసుకుపోతున్నాయని వచ్చాడా మనిషి. జబ్బకి పట్టీ బిగించి, రక్తం అందకుండా చేసి, పిడికిలి మూసి తెరిపిస్తే ఎవరికైనా రక్తంలో లాక్టేట్ పెరగాలి. ఇతనికి పెరగలేదు. మేం చదువుకునే రోజుల్లో ఆ పరీక్షని ప్రాక్టికల్స్‌లో ఒకరి మీద ఒకరం చేసుకునేవాళ్ళం. ఆడపిల్లల చేతికి మగ డిమాన్‌స్ట్రేటరు పట్టీ కట్టకూడదని మా వార్డెనమ్మ పట్టుబట్టింది. మా క్లాసు కాంతం కట్టింది. అది బిగించిన బిగింపుకి నా వేళ్ళు నీలం తిరిగాయి. నొప్పి పుడుతున్నా నేను రబ్బరు బంతి నొక్కుతూనే ఉన్నాను. ఎందుకు నొక్కగలిగాను? రక్తం అందకపోయినా కండరం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ని విరుచుకుని వాడుకోగలదు కాబట్టి. నీ కండరానికి లేనిది అదే. గాదె నిండా ధాన్యం ఉంది, తాళంచెవే లేదు. ఆ తాళంచెవి పేరు ఫాస్ఫోరిలేజ్ అని 1959లో తేలింది.

ఇక్కడే నా అసలు మాట. నువ్వు లేచి నడక మొదలుపెట్టగానే మొదటి కొన్ని సెకన్లు క్రియాటిన్ ఫాస్ఫేట్ నడిపిస్తుంది. దాన్ని 1927లో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు ఒక మెట్టు పైకి లేచేది. అది అయిపోగానే గ్లైకోజెన్ అందుకోవాలి. నీకు అందదు. అందుకే గుండె దడదడలాడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఓపిగ్గా మెల్లగా సాగితే ఆరు నుంచి పది నిమిషాల్లో కండరాలకి రక్తప్రవాహం పెరిగి, కాలేయం పంపే గ్లూకోజూ, కొవ్వు నుంచి వచ్చే ఇంధనమూ చేరతాయి. గుండె వేగం తగ్గుతుంది, నడక తేలికవుతుంది. డాక్టర్లు సెకండ్ విండ్ అనేది దీన్నే.

మరి నీ కీటోన్లు ఎక్కడ పనికొస్తాయి? అన్నం, రొట్టె, పంచదార తగ్గించి, రోజుకి పిండిపదార్థం యాభై గ్రాముల లోపుకి దించితే కాలేయం కొవ్వుని కీటోన్లుగా మారుస్తుంది. తను చేసిన వాటిని తనే కాల్చుకోలేక రక్తంలోకి వదిలేస్తుంది. వాటిని కండరం కాల్చాలంటే ఆక్సిజన్ కావాలి, మైటోకాండ్రియా కావాలి, రక్తం ధారాళంగా పారాలి. అంటే అవి పనిచేసేది నువ్వు ఆ పది నిమిషాలు దాటాక. రక్తంలో ఎన్ని కీటోన్లు తిరుగుతున్నా, బస్సు వెనక పరిగెత్తే నిమిషంలో గ్లైకోజెన్ చేసే పని అవి చేయలేవు.

అందుకని మొదటి పది నిమిషాలు జాగ్రత్త, శ్రీనూ! ఆఫీసులో మెట్లున్నాయా, లిఫ్టెక్కు. సిగ్గుపడకు. బస్సు కదిలిందా, పోనీ. పెళ్ళిళ్ళలో వంగి సాంబారు బకెట్ మోస్తూ వడ్డించకు, ఎవరేమనుకున్నా సరే. గ్యాస్ బండ జరపకు. బండి మొరాయిస్తే నువ్వు తొయ్యకు, పక్కవాణ్ణి పిలువు. బిగిసిన ఆవకాయ జాడీ మూత తీయకు, అత్తతో తీయించు. సూట్‌కేసు చేత పట్టుకోకు, చక్రాలది కొనుక్కో. నేల మీద గొంతుక్కూర్చుని ఒక్క ఉదుటున లేవకు. ఎక్కడికైనా పది నిమిషాలు ముందు బయల్దేరు. ఉద్యోగం, డైటు, బ్యాంకు నిల్వ అన్నీ దీని తర్వాతే.

నవ్వుతున్నావు కదూ? నవ్వు. నాలుగో తరగతిలో డ్రిల్లు మాస్టారు సోమరివన్నాడని నువ్వు నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చినప్పుడు నీ జబ్బుకి పేరుందని మనకెవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇకనైనా నిన్ను నువ్వు సోమరివనుకుంటూ బలం నిరూపించుకోబోకురా నాన్నా.

కీటో తిండి పూర్తిగా పనికిరాదని నేననను. కోపెన్‌హాగెన్‌లో మెకార్డిల్ జబ్బున్న కొద్దిమందికి ఈ తిండి పెట్టి, సైకిలు తొక్కించి చూశారు. కొందరికి మేలనిపించింది. అందరూ తినాల్సిన తిండి ఇదేనని తేల్చడానికి అది చాలదు. అదే ఊరి జాన్ వీసింగ్, అమెరికాలోని రోనాల్డ్ హాలర్ కలిసి 2003లో ఇంకో దారి చూపించారు: వ్యాయామానికి అరగంట, నలభై నిమిషాల ముందు 75 గ్రాముల పంచదార తాగిస్తే పని తేలికైంది. కానీ పంచదార పడితే ఇన్సులిన్ లేస్తుంది, కీటోన్ల తయారీ ఆగుతుంది. అంటే ఈ రెండు దారులూ ఎదురెదురు. ఒకపూట నెయ్యి, ఒకపూట గ్లూకోజు నీళ్ళు అంటూ రెంటికీ చెడకు. రోజూ అంత పంచదార తాగితే ఒళ్ళు పెరుగుతుంది, పెరిగిన ఒంటిని మోయాల్సింది ఆ కండరాలే. సీసాల్లో వచ్చే పానీయం రక్తంలో గ్లూకోజుని దించుతుంది. నీకు దారిలో ఆసరాగా వచ్చేదే ఆ గ్లూకోజు. అది తాగి మెట్లెక్కుతానంటే నేను ఒప్పుకోను.

ఇంకోటి. అన్నం మానేసిన మొదటి రోజుల్లో ఒంట్లోంచి నీళ్ళూ ఉప్పూ బాగా పోతాయి. ఆ సమయంలోనే కండరాలు దెబ్బతింటే మూత్రపిండాలకి ముప్పు. నీళ్ళు మానకు. మూత్రం కోలా రంగులోకి మారిందా, తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి పో. అక్కడివాళ్ళకి నీ జబ్బు పేరు చెప్పు. పర్సులో చీటీ రాసి పెట్టుకో. ఆపరేషనంటే ముందు మత్తు డాక్టరుకి, కొలెస్ట్రాల్ మాత్రలంటే రాసేవారికి, ఆ చీటీ చూపించు.

ఇప్పుడు నిన్ను నిజంగా కోప్పడాలి. ఆసుపత్రిలో పరిచయమైన ఆ చంటిపిల్ల తల్లికి కూడా "అన్నం మాన్పించండి, నూనె పెట్టండి" అన్నావట. ఆ పిల్లది టైప్ 1. నీది టైప్ 5. రెండూ గ్లైకోజెన్ జబ్బులే, కానీ దారులు వేరు. ఆ పిల్ల కాలేయం గ్లూకోజుని రక్తంలోకి వదలలేదు. కొన్ని గంటలు తిండి లేకపోతే షుగరు పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. 1984 నుంచి అలాంటి పిల్లలకి పచ్చి మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి వేళ ప్రకారం పట్టిస్తున్నారు. అది మాన్పించి నూనె పెడితే ఏమవుతుందో ఆలోచించు. టైప్ 3 పిల్లల్లో కొందరికి మాంసకృత్తులు, కొవ్వు పెంచితే గుండె కండరం మెరుగుపడిన దాఖలాలున్నాయి, అదీ నిపుణుల కళ్ళ ముందే. ఈ ఉత్తరం అందిన రోజే ఆ తల్లికి ఫోన్ చేసి, నీ మాట వెనక్కి తీసుకో.

పెళ్ళి విషయంలో మీ అమ్మ మేనరికం ఆలోచిస్తోంది. పిల్ల బంగారం, నాకూ ఇష్టమే. కానీ ఆమెలోనూ ఈ జన్యువు మరుగున ఉంటే, కలిగే ప్రతి బిడ్డకీ సగానికి సగం ఈ జబ్బు వచ్చే అవకాశం. లేకపోతే పిల్లలెవరికీ జబ్బు రాదు. ముందు పరీక్ష, తర్వాతే తాంబూలాలు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు.

కొండకి వెళ్ళు, వద్దనను. 3,550 మెట్లూ ఒకే పగలు ఎక్కాలని వెంకన్న ఏమీ అడగలేదు. మొదట్లోనే నిటారు, గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వదు. కింద చదును నేల మీద మెల్లగా నడిచి, ఒళ్ళు కుదుటపడ్డాక కాలెత్తు. పట్టేస్తే ఆగు. తగ్గకపోతే దిగి బస్సెక్కు. దర్శనం అదే దర్శనం.

వెళ్ళేముందు మీ డాక్టరుగారికి, డైటీషియన్‌కి నూనె సంగతి, సీసాల సంగతి, నీ కీటోన్ లెక్కలు అన్నీ విప్పి చెప్పు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే పరీక్ష చేయించు. వాళ్ళు సరేనంటే అన్నం మానుకో, మీ అమ్మని నేను సముదాయిస్తాను. వాళ్ళు వద్దంటే మాత్రం ఆ రాత్రే పెరుగన్నం కలుపుకుని తిను. ఏం చెప్పారో వారంలోగా నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ