ఆర్‌సీ వార్‌షిప్ కంబాట్: గన్ టరెట్ డిజైన్ చేయడం ఎలా?

మొబైల్ గేమ్‌లో షిప్ మునిగితే రీస్టార్ట్ నొక్కేస్తాం. ఆర్‌సీ వార్‌షిప్ కంబాట్‌లో మునిగితే మాత్రం నెలల తరబడి కట్టిన మోడల్ నిజంగానే చెరువు అడుక్కి వెళ్తుంది. 1970ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైన ఈ హాబీలో రూల్ సింపుల్: పాత యుద్ధనౌకను 1:144 స్కేల్‌లో కట్టాలి, పక్క గోడలకు పల్చటి బాల్సా చెక్క అతికించాలి, కార్బన్ డయాక్సైడ్ ప్రెషర్‌తో స్టీల్ బీబీలు పేల్చి ఎదుటి షిప్‌కి చిల్లులు పెట్టాలి.

ఇందులో ఇంజినీరింగ్ పరంగా అన్నిటికన్నా మజా ఉన్న పార్ట్ గన్ టరెట్. 3డీ ప్రింటర్, కాస్త కోడింగ్ తెలిసిన ఎవరైనా దీని డిజైన్ నేర్చుకోవచ్చు. ఉదాహరణగా జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ని తీసుకుందాం. దానికి ఒక్కోదాంట్లో రెండేసి 38 సెం.మీ. గన్‌లున్న నాలుగు టరెట్లు ఉండేవి: ఆంటన్, బ్రూనో, సీజర్, డోరా.

స్టెప్ 1: ముందు లెక్కలు, తర్వాతే క్యాడ్

పొడవు తగ్గించాలంటే 144తో భాగిస్తే చాలు. 251 మీటర్ల బిస్మార్క్ మోడల్‌లో సుమారు 174 సెం.మీ. అవుతుంది. 19.6 మీటర్ల గన్ బ్యారెల్ 13.6 సెం.మీ. అవుతుంది.

బరువుకి మాత్రం ఈ లెక్క పని చేయదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 144ని మూడుసార్లు గుణించాలి, అంటే దాదాపు 29.9 లక్షలతో భాగించాలి. ఫుల్ లోడ్‌తో 50 వేల టన్నులున్న షిప్ ఇక్కడ సుమారు 17 కిలోలు. వెయ్యి టన్నులు దాటిన ఒక్కో టరెట్ సుమారు 350 గ్రాములు. గన్, సర్వో, గేర్లు, బీబీలు అన్నీ కలిపి మన బడ్జెట్ ఇదే.

ఇంకో చిక్కుంది. 38 సెం.మీ. బోర్ స్కేల్‌లో 2.6 మి.మీ.కి దిగుతుంది. బీబీ సైజేమో 4.5 మి.మీ. అంటే బ్యారెల్ అచ్చం స్కేల్‌లో ఉండటం కుదరదు. అందుకే టరెట్ పై పెట్టె ఆకారాన్ని స్కేల్‌లో ఉంచి, బ్యారెల్ లావు దగ్గర మాత్రమే సర్దుకోవాలి.

స్టెప్ 2: బరువంతా కిందికి

150 గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్కేసి చూద్దాం. నాలుగు టరెట్లకి కలిపి 600 గ్రాములు ఎక్కువై, ఆ బరువు షిప్ సెంటర్ ఆఫ్ గ్రావిటీకి 15 సెం.మీ. పైన ఉందనుకోండి. మొత్తం షిప్ సెంటర్ ఆఫ్ గ్రావిటీ దాదాపు అర సెంటీమీటరు పైకి జరుగుతుంది. షిప్‌ని నిటారుగా నిలబెట్టే మార్జిన్ ఈ సైజు మోడల్‌లో కొన్ని సెంటీమీటర్లే కాబట్టి అర సెంటీమీటరు చిన్న విషయమేమీ కాదు.

పైగా చిల్లులు పడి నీళ్లు లోపలికి వచ్చాక, షిప్ ఎటు ఒరిగితే నీళ్లు అటే పరిగెడతాయి. స్టెబిలిటీ ఇంకా పడిపోతుంది. పంపు నీళ్లు తోడేలోపే పైబరువున్న షిప్ తిరగబడుతుంది.

పరిష్కారం అసలు షిప్‌లోనే ఉంది. నిజమైన టరెట్‌లో మనకి పైకి కనిపించేది ఒక భాగమే. దాని కింద బార్బెట్ అనే గుండ్రటి కవచం ఉంటుంది, మందుగుండు షిప్ అడుగు దగ్గర ఉంటుంది. మనమూ అదే చేద్దాం: గ్యాస్ బాటిల్, వాల్వ్, సర్వో షిప్ అడుగున పెట్టి, పైన తిరిగే భాగంలో బ్యారెల్స్, పల్చటి షెల్ మాత్రమే ఉంచాలి. 0.4 మి.మీ. నాజిల్‌తో మూడు వరుసల గోడ, అంటే 1.2 మి.మీ. మందం, షెల్‌కి సరిపోతుంది.

మెటీరియల్ విషయానికొస్తే, పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన మే నెల ఎండలో కారులో వదిలేస్తే గేర్లు వంకర పోవడం ఖాయం. 80 డిగ్రీల దాకా తట్టుకునే పీఈటీజీ వాడండి.

స్టెప్ 3: తిప్పడం

ఎస్‌జీ90 లాంటి 9 గ్రాముల సర్వో 180 డిగ్రీలు తిరుగుతుంది. మనకి అంతకన్నా ఎక్కువ కావాలి. సర్వోకి 30 పళ్ల గేరు, టరెట్‌కి 20 పళ్ల గేరు పెడితే 270 డిగ్రీలు వస్తుంది. టార్క్ మాత్రం మూడింట రెండు వంతులకి పడిపోతుంది. అందుకే తిరిగే భాగం తేలిగ్గా ఉండాలని అన్నది.

ఫుల్ 360 ఎందుకు వద్దంటే, గ్యాస్ ట్యూబ్ మెలిపడుతుంది. మధ్య నుంచి అటు 135, ఇటు 135 డిగ్రీలైతే మెత్తటి ట్యూబ్ సులువుగా తట్టుకుంటుంది.

స్టెప్ 4: బ్యారెల్ కిందికి చూడాలి

అసలు బిస్మార్క్ గన్‌లు దూరం కొట్టడానికి 30 డిగ్రీల వరకు పైకి లేచేవి. మోడల్ యుద్ధం జరిగేది అడుగుల దూరంలో. నీటి గీత దగ్గర, అంతకన్నా కింద పడిన చిల్లులకే పాయింట్లు ఎక్కువ. బ్యారెల్ నీటికి 12 సెం.మీ. ఎత్తులో, టార్గెట్ 150 సెం.మీ. దూరంలో ఉంటే సుమారు 4.6 డిగ్రీలు కిందికి వంచాలి. ఆంటన్ వెనక ఎత్తులో ఉండే బ్రూనోకి ఎత్తు 15 సెం.మీ. అనుకుంటే 5.7 డిగ్రీలు.

ఇక్కడే కోడ్ అవసరం పడుతుంది. 5 డిగ్రీలు వంగిన గన్ ముందుకు తిరిగితే, 40 సెం.మీ. దూరం వెళ్లేసరికి బీబీ 3.5 సెం.మీ. కిందికి వస్తుంది. అంటే సొంత డెక్‌కే తగలొచ్చు. బ్రూనో అయితే ఆంటన్ పైకప్పునే కొట్టొచ్చు. కాబట్టి ఆర్డుయినోలో రెండు లిమిట్లు వేర్వేరుగా రాయండి: ఎంతవరకు తిరగొచ్చు, ఏ కోణాల్లో ఫైర్ చేయకూడదు. సర్వో కోణాన్ని 1.5తో గుణిస్తేనే అసలు టరెట్ కోణం వస్తుందని మర్చిపోవద్దు.

స్టెప్ 5: మునిగినా ఊడకూడదు

బిస్మార్క్ టరెట్లు రోలర్ల మీద తమ బరువుతోనే కూర్చునేవి. 1941 మే 27న షిప్ తిరగబడినప్పుడు నాలుగూ జారి పడిపోయాయి. 1989లో రాబర్ట్ బల్లార్డ్ బృందం సముద్రం అడుగున షిప్‌ని కనిపెట్టినప్పుడు టరెట్ల చోట గుండ్రటి గుంతలే మిగిలాయి.

మన మోడల్ కూడా ఏదో ఒకరోజు మునుగుతుంది. షిప్‌ని బయటికి తీస్తాం సరే, బురదలో పడ్డ టరెట్‌ని వెతకడం ఎవరి వల్లా కాదు. అయస్కాంతాలతో పట్టి ఉంచుదామనిపిస్తుంది, కానీ స్టీల్ బీబీలు వాటికి అతుక్కుని ఫీడ్ ఆగిపోతుంది. మన ఇంట్లో పాత బల్బు హోల్డర్ ఉంటుంది కదా, నొక్కి తిప్పితే లాక్ అయ్యేది, ఆ డిజైన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. సర్వో తిప్పినప్పుడు లాక్ వదులవకుండా ఒక చిన్న స్క్రూ వేస్తే చాలు. ముందు రింగు ఒక్కటే ప్రింట్ చేసి, 0.2, 0.3 మి.మీ. గ్యాప్‌లలో ఏది సరిపోతుందో చూసుకోండి.

ఫైరింగ్ జోలికి వెళ్లేముందు

బాల్సాని చీల్చే బీబీ కంటిని వదలదు. ఈ హాబీలో ఒడ్డున నిలబడి చూసేవాళ్లు కూడా సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకోవాల్సిందే. మన దేశంలో ఎయిర్ గన్‌లకి ఆయుధాల నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, ప్రెషర్ గన్ కట్టేముందు రూల్స్ కచ్చితంగా తెలుసుకోండి. డిజైన్ నేర్చుకోవడానికి మాత్రం గన్ అవసరం లేదు. బ్యారెల్ చివర ఒక ఎల్‌ఈడీ పెట్టండి. ఫైర్ బటన్ నొక్కితే అది వెలగాలి, వద్దన్న కోణంలో ఎంత నొక్కినా వెలగకూడదు. తర్వాత టరెట్‌ని తూకం వేయండి. 350 గ్రాముల లోపు వచ్చిందంటే కష్టమైన సగం అయిపోయినట్టే.