మొదలు తుదలేని దృశ్యము

ప్రతి సంవత్సరము కార్తిక మాసపు అమావాస్యనాడు కారంపూడిలో పలనాటి వీరుల ఉత్సవము ఆరంభమగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు సాగు ఆ తిరునాళ్లలో ఆయుధములున్నవి, నెత్తురున్నది, మరణమున్నది. ఒకనాడు నలగామరాజునకు రాజధానియైన మా గురజాలనుండి చంకబిడ్డలతో తరలిపోయి తల్లులు ఆ వీరుల గాథ తరతరములుగా వినుచునే యున్నారు. మందపోరునాడు మందకాపరి లంకన్న కూలెనని వీరవిద్యావంతులు పాడగా తల్లికొంగు పట్టుకొని ఏడ్చిన పిల్లవాడే మరునాడు కోడిపోరు చూతమని మారాము చేయును. అట్టి సీమలో పుట్టిన బిడ్డ అరచేతి వెడల్పు తెరపై క్షణకాలము కదలిన దృశ్యమునకు నిద్రమానుటకు హేతువేమి?

హేతువు నెత్తురు కాదు, కథ లేకపోవుట. లంకన్న యెవరో, ఏ మందను కాచుచుండెనో, అతనికై యెవరు విలపించిరో పాటకుడు చెప్పును, తెర చెప్పదు.

2024 జూలై 17వ తేదీ రాత్రి వినుకొండ నడివీధిలో ఒక యువకుని నరికి చంపిన దారుణము వీడియోయై, ఫోనునుండి ఫోనునకు ప్రాకి, వాట్సాప్ స్టేటస్సులకెక్కినది. బొమ్మల పాటకై ఫోను తీసికొనిన మా అయిదేండ్ల మనుమరాలి కంట అదియే పడినది. ఆ రాత్రి దీపమార్పనీయక, "తాతయ్యా, ఆ కత్తాయన మనూరొస్తాడా?" అని అడిగినది.

చనిపోయినవానికి తల్లి యున్నదను తలపైనను లేక, "అయ్యో పాపం" అని వ్రాసి పదిమందికి పంపిన పెద్దమనుష్యులారా, మీ జాలి యెవరికి కావలెను? నిందించుట సులభమే, నిద్ర లేచిన తోడనే నా చేయియు దిండు క్రింది ఫోనుకొఱకే తడవుకొనును, ఆ చేతితో నేటికిని పోరాడుచునే యున్నాను.

పసివారి భయములను చిరకాలము పరిశోధించిన జోవాన్ కాంటర్ అను అమెరికా ఆచార్యురాలు, మిక్కిలి చిన్నవారికి మన తర్కము పట్టదనియు, ఒడి, స్పర్శ, చేతికొక పని, ఇవియే ఊరట నిచ్చుననియు చెప్పినది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు భవనములు కూలిన దృశ్యమును టీవీలు పదే పదే చూపగా, చూపిన ప్రతిసారియు మరియొక భవనము కూలుచున్నదని పసివారు భ్రమించిరని చదివితిని. కావున పిల్లలున్న గదిలో ఆ వీడియోను మరల తిప్పుట వారి లెక్కలో మరియొక హత్య.

ఇక నేను ప్రాణప్రదముగా నమ్మిన అభ్యాసము: సందెవేళ ఫోనులన్నియు లోపలి గదిలోనుంచి, బిడ్డతో అరుగుమీద కూర్చుండి, పలకా బలపము ఆమె చేతికిచ్చి, పెద్దలు నోరు మూసికొనుట. ఉపదేశమిచ్చుట నా ఆజన్మ వ్యసనము గనుక ఈ మౌనము నాకు ఉపవాసముకంటె కఠినము. "తర్వాత ఏమైంది తల్లీ?" అను మాట తప్ప మనము వేరొకటి పలుకరాదు, బిడ్డ చెప్పనన్నచో బలవంతము చేయరాదు. మా పిల్ల తొలుత మనిషికంటె పెద్దదైన కత్తి గీచినది. ఆమె మాటలన్నియు ముగిసిన పిమ్మటనే, నరికినవానిని పోలీసులు పట్టుకొన్నారనియు, చనిపోయిన ఆ యువకునికొఱకు అందఱును ఏడ్చిరనియు, రాత్రి మన తలుపు గడియ నేనే వేయుదుననియు చెప్పితిని. మరునాటి పలకపై ఒక పోలీసు, అతనికంటె పొడవైన లాఠీ వెలసినవి. కొన్నాళ్లకు కత్తి చిన్నదైనది. తెర కోసివేసిన మొదలును తుదను ఇట్లు అతుకుటయే పెద్దల పని. బిడ్డ సొంతముగా కథ చెప్పనేర్చినచో భయమునకు పగ్గము వేయనేర్చినట్లే; వ్యక్తిత్వమనునది ఈ వయస్సుననే చిగురించును, ధైర్యము వహింపుడు, మీకును సాధ్యమే.

తక్కినవి క్లుప్తముగా: వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్, యూట్యూబులో ఆటోప్లే ఆపివేయుడు. రెండేండ్లు నిండని బిడ్డకు తెరయే వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పినది. ఫోను ముట్టినందుకు బిడ్డను కొట్టకుడు, కొట్టినచో రెండవసారి మీకు చెప్పదు. వారములు గడచినను నిద్రయు ఆకలియు కుదుటపడనిచో వైద్యుని చూడుడు.

ఇటీవల మా బంధువుల గ్రూపులో మరియొక నెత్తుటి వీడియో వచ్చినది. పెట్టినాయనకు ఫోను చేసి, "బావా, పిల్లలు చూస్తారు, తీసెయ్" అంటిని. నాటినుండి ఆయన నాతో మాటలాడుట లేదు. వీడియో మాత్రము తీసివేసినాడు.