పిల్లల గదికి ఎయిర్ ప్యూరిఫైయర్ కొనే ముందు

పొద్దున్నే వరుసగా తుమ్ములు, కారే ముక్కు, రాత్రయితే దగ్గు. ఎలర్జీ ఉన్న బిడ్డ అవస్థ చూడలేక ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామనుకుంటున్నారా? మంచి ఆలోచనే. కానీ ముందుగా బిడ్డ పడుకునే పక్క సంగతి చూడండి.

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్లు ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటికి తిండి. ఎలర్జీ రేపే వాటి విసర్జితాలు పక్క దులిపినప్పుడు పైకి లేచి, కాసేపటికే మళ్లీ కిందికి దిగిపోతాయి. పరుపులో ఉన్నదాన్ని ఏ ఎయిర్ ప్యూరిఫైయరూ లాగలేదు. అందుకే దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. పిల్లలు గదిలో లేనప్పుడే పక్క దులపండి. చీపురుతో దుమ్ము లేపే బదులు తడిగుడ్డ పెట్టండి. పిల్లలు పడుకునే గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ వద్దు, దోమతెర కట్టండి.

ఇక యంత్రం. పుప్పొడి, పొగ, పిల్లీ కుక్కల ఒంటి పొట్టు లాంటి గాలిలో తేలేవాటికి అది బాగా పనికొస్తుంది. 'హెపా టైప్' అని కాకుండా సన్నని ధూళిని పట్టే అసలైన హెపా ఫిల్టర్, వీలైతే హెచ్13 రకం ఉన్నదే తీసుకోండి. తర్వాత పెట్టె మీద సీఏడీఆర్ అంకె చూడండి. గంటకు ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే లెక్క అది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అది గంటకు 5 సార్లు శుభ్రం కావాలంటే సీఏడీఆర్ గంటకు 170 ఘనపు మీటర్లు కావాలి. ఆ అంకె ఫుల్ స్పీడులో కొలిచినది. ఆ చప్పుడుకి పిల్లలు నిద్రపోరు. తక్కువ స్పీడులో నడపాల్సి వస్తుంది కాబట్టి 250కి తగ్గకుండా చూసుకోండి. అయొనైజర్లు, ఓజోన్ వదిలేవి వద్దేవద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకు చేటు.

హాల్లో కాదు, పిల్లలు పడుకునే గదిలోనే పెట్టి, తలుపులు మూసి నడపండి. పెద్ద దుమ్మును ముందే ఆపే ప్రీ ఫిల్టర్‌ను తరచూ దులుపుతూ, హెపాను కంపెనీ చెప్పిన గడువుకి మార్చండి. ఏటా ఆ ఫిల్టర్‌కయ్యే ఖర్చు కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఒక్క మాట మరవకండి. యంత్రం వచ్చింది కదా అని డాక్టరు రాసిన మందులు, ఇన్హేలర్ సొంతంగా ఆపేయకండి. పిల్లికూతలు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.