ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టండి

“మా కరువు టీవీవాళ్లకు పట్టదు.” అనంతపురంలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని శెనక్కాయ వేసే జిల్లా ఇది. ఆ బాధ నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, ఆ మాటను నలుగురి ముందు నిలబెట్టాలంటే “అనిపిస్తోంది” చాలదు. లెక్క కావాలి. అది మీ ఒక్కరి లెక్క అయితే అదీ చాలదు.

టీవీ వార్తల మీద పరిశోధన చేసేవాళ్లకు ఒక అలవాటుంది. ఒకే వార్తను ఇద్దరు విడివిడిగా చూసి, ముందే రాసుకున్న నియమం ప్రకారం అది ఏ అంశం కిందికి వస్తుందో రాస్తారు. వాళ్లను కోడర్లు అంటారు. రాయడం అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

మీరూ చేసి చూడండి. ఒక రాత్రి బులెటిన్ ఎంచుకోండి. వరసగా ఏడు రోజులు తీసుకోవద్దు, ఎన్నికలో తుపానో వస్తే వారమంతా దానికే పోతుంది. ఒక వారంలో సోమవారం, మరో వారంలో మంగళవారం, అలా ఏడు రోజులూ పోగు చేయండి. సెకన్లు కూడా రాయండి. ఇరవై సెకన్ల వార్తా నాలుగు నిమిషాల కథనమూ ఒకటి కావు.

రెండో కోడర్‌గా మన జిల్లావాళ్లను పిలవకండి. కాలువ నీళ్లు చూస్తూ పెరిగిన గోదావరి రూమ్మేట్ ఉంటే ఆమెనే కూర్చోబెట్టండి.

తొలిరోజే తగాదా వస్తుంది. మంత్రి ఎండిన శెనక్కాయ చేనులో నిలబడి ప్రతిపక్షాన్ని తిడుతున్నాడు. మీరు “కరువు” అని రాశారు, ఆమె “రాజకీయం” అని రాసింది. కోపం తెచ్చుకోకండి. మీ నియమంలో ఎక్కడ చిల్లు ఉందో ఆ వార్త చూపించింది. నియమం తిరగరాయండి: ఏ విషయానికి ఎక్కువ సెకన్లు దక్కాయో అదే అంశం. పాత వార్తలన్నీ మళ్లీ మొదటినుంచి చూడండి. విసుగు పుట్టే పనే, కానీ దాటవేయకండి.

100 వార్తల్లో 90 చోట్ల మాట కలిసిందని మురిసిపోవద్దు. మీరిద్దరూ చెరో 10 వార్తలను “కరువు” అన్నారనుకోండి, అందులో ఇద్దరికీ కలిసినవి 5. “కాదు” అని కలిసినవి 85. ఇంత అరుదైన అంశంలో కళ్లు మూసుకుని రాసినా 82 చోట్ల కలుస్తుంది. ఆ అదృష్టాన్ని పక్కన పెడితే, మిగిలిన 18లో మీరు సంపాదించింది 8. అంటే 0.44. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన “కప్పా” లెక్క ఇదే. ఫలితాన్ని నమ్మాలంటే క్లాస్ క్రిపెన్‌డార్ఫ్ ఇలాంటిదే అయిన తన “ఆల్ఫా” కొలతకు గీసిన గీత 0.80. తాత్కాలిక అభిప్రాయానికైనా 0.667 ఉండాలన్నాడు. మనకు ప్రాణమైన చోటే మన కన్ను తడబడుతుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే విలువైనది అదే.

రెండు వారాలాగి, పాత కాగితం చూడకుండా, అవే వార్తలను మీరొక్కరే మళ్లీ రాయండి. మీతో మీకే ఎన్ని చోట్ల కలవలేదో గుర్తు పెట్టుకోండి.

ఈ ఖరీఫ్‌లోనే మొదలుపెట్టండి. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే, ఆ రాత్రి బులెటిన్‌లో దానికెన్ని సెకన్లు దక్కాయో రెండు కాగితాల్లోనూ ఉండాలి.