కంటి ముందు బాణం, మనసు మీద బరువు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు 16వ నంబరు జాతీయ రహదారిపై ఉంగుటూరు మీదుగా వెళ్తున్న కారులో వేగం, మలుపు బాణం ముందు అద్దంపైనే కనిపిస్తే అది హెడ్‌అప్ డిస్‌ప్లే. నిజ దృశ్యంపై కంప్యూటర్ సమాచారాన్ని పరిచే ఆగ్మెంటెడ్ రియాలిటీకి ఇది దగ్గరి చుట్టం. మన తేజస్ యుద్ధవిమానానికి హెడ్‌అప్ డిస్‌ప్లేను రూపొందించింది చండీగఢ్‌లోని కేంద్ర శాస్త్రీయ పరికరాల సంస్థ (సీఎస్ఐఓ).

చూపు రోడ్డు మీదే ఉంటుంది, నిజమే. ధ్యాస మాత్రం అద్దం మీది అంకెలకు అతుక్కుపోవచ్చు. 1980 నాటి నాసా సిమ్యులేటర్ పరిశోధనలో హెడ్‌అప్ డిస్‌ప్లే వాడిన కొందరు అనుభవజ్ఞులైన పైలట్లు రన్‌వేపై అడ్డంగా ఉన్న విమానాన్నే గమనించలేదు! ధ్యాస ఇలా అతుక్కుపోవడాన్ని కాగ్నిటివ్ టన్నెలింగ్ అంటారు. అందుకే బాణం గాల్లో తేలకుండా, మలుపు తిరగాల్సిన చోటే రోడ్డుకు అంటుకున్నట్టు కనిపించాలి. అవసరం లేని అక్షరాలు తెరపై ఉండకూడదు.

ఇలాంటి తెరలు మోపే మానసిక భారాన్ని కొలిచే సాధనం నాసా టీఎల్ఎక్స్. దీన్ని 1988లో శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ ప్రచురించారు. మానసిక, శారీరక, సమయ ఒత్తిళ్లు, పనితీరు, శ్రమ, విసుగు అనే ఆరు కొలమానాలుంటాయి. పరిస్థితి అవగాహనకు మైకా ఎండ్స్‌లీ 1995 నమూనా ప్రసిద్ధం: గమనించడం, అర్థం చేసుకోవడం, జరగబోయేది ఊహించడం. పరీక్షల్లో ఈ మూడు దశల వరుస మార్చి అడగవచ్చు.

భారం తగ్గితే అవగాహన పెరిగినట్టేనన్న వాక్యం ఐచ్ఛికాల్లో కనిపిస్తే తప్పని గుర్తించండి. బాణాన్నే నమ్ముకున్న డ్రైవరుకు పని తేలికే, పక్కనుంచి వచ్చే ట్రాక్టరు మాత్రం కనబడకపోవచ్చు.