తుంటి ఎముక విరిగితే: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: డెబ్బై ఎనిమిదేళ్ల వృద్ధురాలు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేరని, కట్టు కట్టించి మూడు నెలలు మంచం మీద ఉంచితే చాలని బంధువులు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేలోగా దాదాపు నాలుగో వంతు మంది మరణిస్తున్నారని పలు దేశాల అనుభవం చెబుతోంది. ఆ మరణాలకు విరిగిన ఎముక నేరుగా కారణం కావడం అరుదు. కదలలేక పడి ఉన్నవారికి వచ్చే న్యుమోనియా, నడుము కింద ఏర్పడే పడకపుండ్లు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడడం, అంతకుముందే ఉన్న గుండెజబ్బు ముదరడం వంటివే ఎక్కువగా ప్రాణం తీస్తాయి. రోగిని నొప్పి లేకుండా లేపి నిలబెట్టడమే ఆపరేషన్ ప్రధానోద్దేశం కనుక, వయసు ఎంత పైబడితే అంత త్వరపడవలసి ఉంటుంది.

కట్టు సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ముంజేతి వంటి చోట ఎముక విరిగితే, దానికి పైనా కిందా ఉన్న కీళ్లను కలిపి బిగించినప్పుడు విరిగిన అంచులు కదలకుండా నిలుస్తాయి. పసరుతో, వెదురుబద్దలతో వేసే పుత్తూరు కట్టుకు తెలుగునాటా తమిళనాటా అంత పేరు రావడానికి అటువంటి ఎముకలే ఆధారం. తుంటి కీలు దట్టమైన కండరాల అడుగున ఉంటుంది కాబట్టి, బయటి నుంచి ఎంత నేర్పుగా కట్టినా ఆ కట్టు విరిగిన ముక్కలను పట్టి ఉంచలేదు. బలమైన ఆ కండరాలు తొడను పైకి లాగడం వల్లనే విరిగిన కాలు పొట్టిగా కనబడుతుంది, పాదం బయటివైపునకు తిరిగిపోతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి పడుకోబెట్టేవారు. ట్రాక్షన్ అనే ఆ పద్ధతిని పెద్దవాళ్ల తుంటి విరుపులో పూర్తి చికిత్సగా వాడవలసిన అవసరం ఇప్పుడు చాలా అరుదు. ఆపరేషన్‌ను ఏ విధంగానూ తట్టుకోలేని స్థితిలో ఉన్న కొద్దిమందికి మాత్రమే మందులతో నొప్పి తగ్గించి, సేవ చేయడం సరైన వైద్యమవుతుంది.

ప్రశ్న: ఒకరికి రాడ్డు వేశారు, మరొకరికి ఏకంగా కీలే మార్చారు. విరిగింది తుంటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

జవాబు: తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతుంది. బంతికి దిగువన ఉన్న సన్నని భాగాన్ని మెడ అంటారు. మెడ ముగిసేచోట కండరాలు అతుక్కునే రెండు బుడిపెలను ట్రొకాంటర్లు అంటారు. విరిగింది మెడా, బుడిపెల ప్రాంతమా అన్నదాన్ని బట్టి చికిత్స మారిపోతుంది.

పెద్దవాళ్లలో బంతికి రక్తం చాలావరకు మెడను అంటిపెట్టుకుని పైకి పాకే సన్నని నాళాల ద్వారానే అందుతుంది. మెడ విరిగి ముక్కలు స్థానం తప్పితే ఆ నాళాలు తెగిపోయి, రక్తం అందక బంతి క్రమంగా చచ్చుబడవచ్చు. దీన్నే అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. పైగా మెడ కీలు సంచి లోపల ఉండడం వల్ల, ఇతర ఎముకలను అతికించే కాలస్ అనే కొత్త ఎముక అక్కడ సరిగా ఏర్పడదు. బ్రిటిష్ శస్త్రవైద్యుడు గార్డెన్ 1961లో ఈ విరుపులను, ముక్కలు ఎంత జరిగాయన్న దాన్ని బట్టి 4 దశలుగా విభజించారు. ఆ విభజన నేటికీ వాడుకలో ఉంది. జరగని మొదటి రెండు దశల్లో స్క్రూలతో బిగించడం సాధారణంగా సరిపోతుంది. తరువాతి రెండు దశల్లో, వృద్ధులకు చెడిపోయే అవకాశమున్న బంతిని తీసి లోహపు బంతిని అమరుస్తారు. బాగా నడవగలుగుతూ ఆరోగ్యంగా ఉన్నవారికి గిన్నెను కూడా మార్చే పూర్తి కీలు మార్పిడి మేలు. యువకుల విషయం భిన్నం: కృత్రిమ కీలు అరిగిపోతుంది కనుక, వారికి సొంత బంతిని కాపాడేందుకు త్వరగా ముక్కలను సరిచేసి బిగిస్తారు.

బుడిపెల ప్రాంతంలో రక్తప్రసరణ పుష్కలం కాబట్టి ఎముక అతుకుతుంది, కాని పట్టి ఉంచకపోతే వంకరగా, పొట్టిగా అతుకుతుంది. అందుకే అక్కడ కీలును మార్చకుండా, ఎముక లోపలికి రాడ్డు గాని, పక్కన జారే స్క్రూతో కూడిన ప్లేటు గాని అమరుస్తారు.

ప్రశ్న: పడిన తరువాత కుంటుతూ నడుస్తున్నారు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. విరగలేదని నమ్మవచ్చా?

జవాబు: గజ్జల్లో నొప్పి ఉండి, కాలును నిటారుగా ఎత్తలేకపోతే నమ్మకూడదు. ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడిన విరుపులో కొందరు నడవగలుగుతారు. సన్నని చీలిక ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు, ఎంఆర్ఐలో బయటపడుతుంది.

ప్రశ్న: బీపీ, షుగరు అదుపులోకి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేయవచ్చా?

జవాబు: వీలైనంతవరకు 24 నుంచి 48 గంటల లోపల ఆపరేషన్ చేయించాలి. గుండె లయ తప్పడం, తీవ్రమైన రక్తహీనత, సోడియం, పొటాషియం లోపాలు వంటి సరిచేయదగిన సమస్యలను ఆ వ్యవధిలోనే సరిచేస్తారు. కొద్దిగా పెరిగిన బీపీ కోసం వారం రోజులు ఆగడం వల్ల మేలుకంటె కీడే ఎక్కువ. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ఆ మాట మొదటి గంటలోనే వైద్యునికి చెప్పాలి; నడుముకు మత్తు సూది ఇవ్వవచ్చా, పూర్తి మత్తు ఇవ్వాలా అన్న నిర్ణయం దానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: ఆపరేషన్ తరువాత ఎన్నాళ్లకు నడవవచ్చు? రెండో తుంటి విరగకుండా ఏం చేయాలి?

జవాబు: చాలామందిని మరునాడే వాకర్ ఊతంతో నిలబెడతారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు పెట్టాలి. కీలు మార్చినవారు బంతి గిన్నెలోంచి జారకుండా, వైద్యుడు అనుమతించేదాకా నేలమీద కూర్చోవడం, బాసింపట్టు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి మానాలి. ఇంట్లో కుర్చీ కమోడ్ ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని, అంటే ఆస్టియోపోరోసిస్ ఉందని దాదాపు నిశ్చయం. ప్లేటు వేసి ఇంటికి పంపడంతోనే చికిత్స ముగిసిందనుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. తుంటి విరిగి ఆపరేషన్ అయినవారికి 90 రోజుల లోపు జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు సిర ద్వారా ఇచ్చి, ఏడాదికొకసారి కొనసాగిస్తే కొత్త విరుపులు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఈ మందు ఇచ్చేముందు మూత్రపిండాల పనితీరు, రక్తంలో కాల్షియం, విటమిన్ డి పరీక్షించాలి. డిశ్చార్జి రోజునే దీని గురించి వైద్యుణ్ణి అడిగి, మందు ఇవ్వవలసిన తేదీని చీటీలో రాయించుకోవాలి.